గరాజ్ నేల మీద రంగూన్

ఈ ఉదయం మా అద్దె ఇంటి ఏజెంటు మెయిల్ పంపాడు, వచ్చే మంగళవారం ఇన్‌స్పెక్షన్ అని, అంటే ఇల్లు ఎలా ఉంచుకున్నామో చూసి ఫోటోలు తీసుకెళ్ళే తనిఖీ. ఈ పరాయి దేశంలో, మా పేట ద పాండ్స్‌లో అద్దెకుండే ఎవరికైనా ఆ మాట వింటే చీపురు గుర్తొస్తుంది. నాకు మా పెదనాన్న గుర్తొచ్చి, కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

పెదనాన్న కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. బతుకంతా ఆయన వెంటపడింది రాజుల్ని కాదు, చీరాల వైపు నుంచి రంగూన్‌కి లుంగీలు పంపిన వ్యాపారుల్ని. "వ్యాపారం ఎందుకు మునిగిందో వాళ్ళ చిట్టాల్లో ఉండదే. ఎవరి పెళ్ళికి ఎవర్ని పిలవలేదో చూడు, అక్కడుంటది," అనేవారు. ఆ కబుర్ల కోసం ఊరూరా ముసలివాళ్ళ అరుగులెక్కి, విన్నది విన్నట్టు పాత శుభలేఖల్ని ముక్కలుగా కత్తిరించి వాటి వెనక రాసుకునేవారు. ముక్కకి ఒక్క సంగతే.

పెద్దమ్మ పోయాక మా దగ్గరికి వచ్చేటప్పటికే ఆయనకి మతిమరుపు మొదలైంది. సూట్‌కేసులో బట్టలు తక్కువ, ముక్కలు ఎక్కువ. మా కారుని వీధిలోకి తరిమేసి, గరాజ్ నేలంతా వాటిని పరిచేశారు. ఎవరు ఎవరికి వియ్యంకుడు, ఎవరు ఎవరితో మాటలు మానేశారు అన్నదాన్ని బట్టి ఒక్కో ముక్కకీ ఒక్కో చోటు. గాలికి ఎగరకుండా పైన నా వంటింటి చెంచాలు, గరిటెలు. సాంబారు గరిటె కావాలంటే నేను రంగూన్ దాకా వెళ్ళిరావలసి వచ్చేది. "బుర్రలో నిలవట్లేదే అమ్మడూ, అందుకే నేల మీద పెట్టుకున్నా. ఇట్లా చూసుకుంటా రాసేస్తే పుస్తకం అయిపోద్ది," అన్నారు.

ఒకసారి ఏజెంటు మెయిల్ ఆలస్యంగా చూశాను. ఇన్‌స్పెక్షన్ ఆ మధ్యాహ్నమే. పెదనాన్నని మావారు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. "మమ్, గరాజ్ ఫోటోస్ కూడా తీస్తారు, క్లియర్ ఇట్ అప్!" అంది మా అమ్మాయి. తీసేశాను. అదీ ఇష్టమొచ్చినట్టు కాదు. ప్రతి ముక్క మూలనా సంవత్సరం వేసి ఉంది కదా, ఆ వరుసలో పేర్చి, రబ్బరు బ్యాండ్లు వేసి, చెప్పుల డబ్బాల్లో సర్దాను. చరిత్రంటే తేదీలే అన్నది బళ్ళో నేర్చుకున్న తెలివి. చెంచాలు కడిగి సొరుగులో పెట్టి, నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఆయన వచ్చి గరాజ్ గుమ్మంలో ఆగి ఖాళీ నేలని చూశారు. "చక్కగా సర్దావే," అన్నారు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ పరచబోయారు. ఒక ముక్క తీసి, ఎక్కడ పెట్టాలో తోచక, దాన్ని పట్టుకుని అరగంట ఉండిపోయేవారు. "ఇది ఎవరి పక్కనుండేదే? నువ్వు చూశావుగా?" అనేవారు. నేను చూడలేదు. రోజూ గరిటెల కోసం వెళ్ళానే గానీ, వాటి కింద ఉన్నది ఒక్కనాడూ చదవలేదు. కాళ్ళ మీద పడి ఏడవాలనిపించేది. వారం తిరిగేసరికి ఆ ప్రశ్న కూడా మానేశారు. ఒక రోజు ముక్కని తిరగేసి, అచ్చువేసిన వైపు చూస్తూ, "ఎవరిదే ఈ పెళ్ళి? మనం వెళ్ళాలా?" అని అడిగారు. ఆ చలికాలం దాటకుండానే పోయారు.

ఇవాళ ఆనాటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు తీసి చూశాను. గరాజ్ ఫోటో ఉంది, ఖాళీ నేల. కింద 'చాలా శుభ్రంగా ఉంది' అని రాశాడు. డబ్బాలు కూడా దించి చూశాను. ఒక్క ఏడాది కూడా వరుస తప్పలేదు. ఆయన పోగుచేసిన కాలమంతా నా చేతుల్లోనే ఉంది, ఏ ముక్క ఎవరి పక్కన ఉండాలో మాత్రం ఇక ఎవరికీ తెలియదు.