ఈల కన్నా ముందు అమ్మ కేక

ఈ ఏడూ ఫుట్‌బాల్ సీజన్ వచ్చేసింది. నూకాలమ్మ జాతర అయిపోయి, మార్కెట్టుకి బెల్లం రాక పలచబడగానే మా కళాసీలకు చేతులు ఖాళీ అవుతాయి, కాళ్ళు దురద పెడతాయి. మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే ఆ కళాసీలూ, వాళ్ళ కొడుకులూ కలిసిందే మా టీము. దేశమంతా క్రికెట్ పిచ్చిలో ఉంటే అనకాపల్లిలో మా నాలుగు వీధులకు మాత్రం ఈ పిచ్చి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందంటే ఏం చెబుతాం, పిచ్చికి కారణం ఉంటే అది పిచ్చెందుకవుతుంది?

నిన్న పొద్దున టెంట్ హౌస్ బావ ఫోన్ చేశాడు. గ్రౌండులో షామియానా వేసేది, మైకు సెట్టు పెట్టేది ఆయనే. మా అమ్మను అత్తా అని వరస కలిపి పిలిచేవాడు కాబట్టి నాకు బావయ్యాడు, అంతకు మించి చుట్టరికం లేదు.

"మరదలా, ఆదివారం మొదటాట. నువ్వొచ్చి బటన్ నొక్కాల. అత్త తరవాత నువ్వే కదేటి" అన్నాడు.

నేను టక్కున ఫోన్ పెట్టేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు, అందుకే ఆయన మళ్ళీ చెయ్యలేదు. కానీ అది కోపం కాదు. అమ్మ పోయాక ఇది మొదటి సీజను. ఆ బటన్ సంగతి చెప్పాలంటే ముందు అమ్మ గొంతు సంగతి చెప్పాలి.

మా అమ్మ చేపలమ్మేది. సముద్రం ఒడ్డున పుట్టి అనకాపల్లికి కోడలిగా వచ్చింది. ఒడ్డు నుంచి ఆటోలో వచ్చే సరుకును సిల్వర్ బేసిన్లో సర్దుకుని, నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. మిగతావాళ్ళు చేపల పేర్లు చెప్పి అరిచేవారు. అమ్మకి అంత ఓపిక లేదు. వీధి మొదట్లో నిలబడి, "వత్తారా... రారా?" అని ఒక్క కేక వేసేది. బేరానికి పిలిచినట్టు ఉండేది కాదు, తగువుకి పిలిచినట్టుండేది. లోపల్నుంచి ఆడవాళ్ళు "వత్తన్నాం, వత్తన్నాం" అంటూ గిన్నెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. నేను స్నేహితురాళ్ళతో బడికి వెళ్తుంటే ఆ కేక వెనకనుంచి వినబడేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు అదే కేక కోసం చెవులు కోసుకుంటున్నాను.

ఆటకీ అమ్మకీ సంబంధం వలతో మొదలైంది. మా టీముకి గోలు స్తంభాలు ఉండేవి గానీ వెనక నెట్ ఉండేది కాదు. బంతి స్తంభాల మధ్య నుంచి పోయిందా, పక్కనుంచి పోయిందా అని ప్రతి ఆటలోనూ కొట్లాటే. ఆ కొట్లాటల గోల ఇంటిదాకా వస్తుంటే వినలేక అమ్మ తన పుట్టింటి నుంచి ఒక పాత చేపల వల తెచ్చి కట్టించింది. తరవాత ఆ వల ఎలా ఉందో చూద్దామని గ్రౌండుకి వెళ్ళడం మొదలుపెట్టింది. వల చూడ్డానికి వెళ్ళిన మనిషి బంతి చూసింది, బంతి చూసిన మనిషి రిఫరీని చూసింది. ఇక అంతే. "రిఫరీ బావూ, కళ్ళకి పొరలొచ్చేయేటి? మా పిల్లోడి కాలు తొక్కేసినాడు, సూడ్నేదా?" అని గోలు వెనకనుంచి అరిచేది. మా వాళ్ళు గట్టిగా కొట్టి వల చిరిగిందంటే ఆవిడకి పండగే. మర్నాడు బేరం మానుకుని, ఎండలో కూర్చుని, ఆ చిరుగును ముద్దుగా కుట్టుకునేది. అవతలి టీము చింపితే మాత్రం కుడుతూ తిట్టేది.

ఒకసారి ఆట మొదలవకముందు మా కుర్రాళ్ళు బెదురుగా నిలబడ్డారు. అవతల వైజాగ్ నుంచి వచ్చిన టీము, కాళ్ళకు ఖరీదైన బూట్లు. మావాళ్ళలో సగం మందివి ఉత్తి కాళ్ళు. అమ్మకి ఒళ్ళు మండింది. లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, వీధిలో వేసే కేకే వేసింది. "వత్తారా... రారా?" గ్రౌండు చుట్టూ ఉన్నది ఆవిడ చేపలు తిని పెరిగిన జనమే కదా, అలవాటుగా ఒక్కసారే "వత్తన్నాం!" అన్నారు. ఆ రోజు గెలిచాం. అప్పట్నుంచి అది ఆచారమైపోయింది. ముందు అమ్మ కేక, తరవాత జనం జవాబు, ఆ తరవాతే రిఫరీ ఈల. కొత్తగా వచ్చిన రిఫరీ ఒకాయన తెలియక ముందే ఈల ఊదాడు, ఆ రోజు ఓడిపోయాం. పాపం, ఆ ఓటమంతా ఆయన ఈల మీదే వేశారు.

అమ్మకి చుట్ట అలవాటు. మా తీరం ఆడవాళ్ళు చాలామందిలాగే నిప్పు ఉన్న కొసను నోట్లోపెట్టుకుని కాల్చేది, అడ్డపొగ అంటారు. మానెయ్యమంటే, "గాలికి ఆరిపోద్దే, మరేటి సెయ్యను" అనేది. గాలి లేని ఇంట్లో కూడా అలాగే కాల్చేది. గొంతులో గడ్డ వచ్చింది. వైజాగ్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేశారు. మెడ మీద కన్నం పెట్టి, ఊపిరి అందులోంచే తీసుకోవాలన్నారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. నేను మునగపాక బడిలో టీచర్ని, ఎందరికో అక్షరాలు దిద్దించినదాన్ని, అమ్మకి నేర్పలేకపోయాను. పలక ఇచ్చి "కావాల్సింది రాయి" అంటే పలక తిరగేసి దాని మీద ఉల్లిపాయలు తరిగింది. మాట్లాడాలంటే ఇక చేతులే. చేతులతో కూడా తిట్టగలదని అప్పుడే తెలిసింది మాకు.

కిందటేడు సీజన్ దగ్గర పడుతుంటే అమ్మ ఒక్కటే బెంగ పెట్టుకుంది. ముద్ద సగంలో వదిలేసి గ్రౌండు వైపు చెయ్యి చూపించేది, తర్వాత మెడ కన్నానికి దుమ్ము పోకుండా కప్పుకున్న తడి గుడ్డ చూపించేది. కేక లేకపోతే అక్కడ నేనెవరిని అని అడుగుతోంది. "నువ్వు కనబడితే చాలమ్మా" అన్నాను. అలాంటి మాటలు చెప్పడం సులువు. ఆవిడ నా వైపు చూసిన చూపులో, నీ టీచరమ్మ మాటలు నీ పిల్లలకి చెప్పుకో అని ఉంది.

రెండు మూడు రోజులకు పెరట్లో మోత వినిపించింది. చూస్తే అమ్మ చేపల బేసిన్ బోర్లించి, తూకంరాయితో కొడుతోంది. ముందు రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకో రెండు. వత్తారా, రారా. నన్ను చూసి నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు. దుమ్ములోకి పంపొద్దని డాక్టర్లు చెప్పినా, ఆ నవ్వు చూశాక ఆపడం నా వల్ల కాలేదు.

మొదటాట రోజు బేసిన్ సంకన పెట్టుకుని వచ్చింది. రెండు టీములూ నిలబడ్డాయి. రిఫరీ అలవాటు కొద్దీ గోలు వైపు చూశాడు. అమ్మ బేసిన్ బోర్లించి, రాయి పైకెత్తింది. అంతలో మైకులోంచి వచ్చింది, "వత్తారా... రారా?"

అమ్మ గొంతే. అంతకు ముందు ఏడు ఎవరో ఫోనులో తీసిన వీడియో అట. బావ దాన్ని మైకు సెట్టుకి తగిలించాడు. అత్తని సంతోషపెడదామని ఎవరికీ చెప్పకుండా దాచిపెట్టాడు. నాలుగు స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి ఆ కేక గ్రౌండంతా తిరిగింది. జనం ఏళ్ళ తరబడి అననంత గట్టిగా "వత్తన్నాం!" అన్నారు. ఈలలు, చప్పట్లు. కొంతమంది ఏడ్చారు కూడా. అమ్మ మాత్రం ఎత్తిన రాయి అలాగే పట్టుకుని, ఎవరు అరిచారా అని వెనక్కి తిరిగి చూసింది. తన గొంతు బయటనుంచి ఆవిడ ఎప్పుడూ వినలేదు. అది తానేనని తెలిసేసరికి రాయి కిందపెట్టి, బేసిన్ తీసుకుని, గేటు వైపు నడిచింది.

ఇంటికొచ్చాక నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. దండ వేసిన నాన్న ఫోటో చూపించింది. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుంది. బతికుండగానే నాకూ దండ వేసేశారు అని. నాకు ఏడుపు ఆగలేదు, ఆవిడ ఏడవలేదు.

వెంటనే వెళ్ళి బావని దులిపేశాను. "చచ్చినవాళ్ళకి ఆటోలో మైకు పెట్టి చాటిస్తారే, అలా చాటించావు మా అమ్మని" అన్నాను.

"అంత మాటనీకే. అత్త గొంతు నేకుండా ఆటెలగవుద్దని, మంచికే సేసేనే" అన్నాడు. అంత మనిషీ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన మీద కోపం నిలబడలేదు. ప్రేమతో చేసిన తప్పుకి తిట్లు కూడా సరిగా అతకవు.

రెండో ఆటకి మైకు ఆపించేశాను. అమ్మను నేనే బతిమాలి తీసుకెళ్ళాను. అమ్మ బేసిన్ కొట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళం "వత్తన్నాం" అన్నాం. పెరట్లో అంత పెద్దగా వినిపించిన మోత గ్రౌండులో తడిసిన టపాకాయలా అయిపోయింది. అటు గట్టు మీద కూర్చున్నవాళ్ళకి చేరనే లేదు. ఐస్‌ఫ్రూట్ బండివాడేమో అనుకుని ఒక పిల్ల డబ్బులు పట్టుకుని వచ్చింది. అమ్మ రెండోసారి రాయి ఎత్తేసరికి రిఫరీ ఈల ఊదేశాడు, బంతి కదిలిపోయింది.

ఆ రోజు మా వాళ్ళు గెలిచారు. నిజం చెబుతున్నాను, ఓడిపోతే బాగుండునని ఆటంతా మొక్కుకున్నాను. అమ్మ కేక లేకపోతే ఓడిపోతారని రుజువైతే ఆవిడకి ఆ మాత్రమైనా మిగిలేది. గెలిచినప్పుడు అమ్మ అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత వల దగ్గరికి వెళ్ళి, చిరిగిన చోట వేళ్ళు పెట్టి చూసుకుంటూ చాలాసేపు అటు తిరిగే నిలబడింది.

ఫైనల్ ముందు రోజు అమ్మ నా ఫోన్ తీసుకుని నా చేతిలో పెట్టింది. వేలితో నొక్కుతున్నట్టు చూపించి, చెవి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ వీడియో పెట్టమని. బావని అడిగి తెప్పించుకుని పెట్టాను. కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ పెట్టమంది. వింటూ వింటూ, ఎవరో తెలిసిన మనిషి గురించి చెబుతున్నట్టు, గట్టిదే అని తలాడించింది. ఎక్కడ నొక్కాలో నేర్పమని వేలు చాచింది. ఒక్క అక్షరం నేర్చుకోని మనిషి, అది మాత్రం ఒక్కసారికే నేర్చుకుంది.

ఫైనల్‌కి బేసిన్ తేలేదు. తిన్నగా మైకు బల్ల దగ్గరికి వెళ్ళి, బావ భుజం తట్టి, ఫోన్ ఇమ్మని చెయ్యి చాచింది. బావ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. రెండు టీములూ నిలబడ్డాయి. రిఫరీ గోలు వైపు చూసి, అక్కడ ఎవరూ లేకపోతే వెతుక్కుని బల్ల వైపు తిరిగాడు. అమ్మ నొక్కింది.

"వత్తారా... రారా?"

నేను జనాన్ని చూడలేదు, అమ్మనే చూస్తున్నాను. జనంతో పాటు ఆవిడ పెదాలు కూడా కదిలాయి. వత్తన్నాం. శబ్దం లేదు, మెడ దగ్గరి తడి గుడ్డ మాత్రం గాలికి ఒకసారి లేచింది. అన్ని సీజన్లూ అడగడమే గానీ అమ్మ ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది. చెప్పి, బల్ల దగ్గర ఉండకుండా, జనం మధ్యలోకి వెళ్ళి సర్దుకుని కూర్చుంది.

వానలు పడ్డాక పోయింది.

ఇంతసేపూ ఇదంతా గుర్తు చేసుకుని, ఇందాక బావకి నేనే ఫోన్ చేశాను.

"వస్తాను గానీ, బటన్ నువ్వే నొక్కు బావా. నేను జనంలో కూర్చుంటాను" అన్నాను.

"అదేటే, ఎందుకలగ?" అన్నాడు.

అమ్మ అడుగుతుంటే జవాబు చెప్పడానికి ఒకరుండాలి కదా అన్నాను.