టైలరుగారు తీసిన కవర్లు

వన్‌టౌన్‌లో మా మిఠాయికొట్టుకు ఎదురుగా ఒక టైలరుగారు ఉండేవారు. మిగిలిన గుడ్డముక్కలతో సంచులు కుట్టి, మా దగ్గర కొన్నవాళ్ళకు ఊరికే ఇచ్చేవారు.

"ఆ కవరొద్దమ్మా, ఇది పట్టుకెళ్ళండి. మళ్ళీ వచ్చేటప్పుడు ఇదే తెచ్చుకోండి."

"కవరు మీద మా కొట్టు పేరుంటుంది సాయిబుగారూ, మాకదే పబ్లిసిటీ," అని నవ్వేవాణ్ణి.

ఒక వానాకాలం మురిక్కాలవ పూడుకుపోయి ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆయనే లుంగీ ఎగగట్టి దిగి, కవర్లు లాగి గట్టున వేశారు. వాటి మీద మా కొట్టు పేరు ఇద్దరికీ కనిపించింది. ఇరుగుపొరుగు చూడకుండా ఆయన వాటిని బోర్లా తిప్పేశారు.

అప్పుడే ఆయన కాలికి గాజుపెంకు గుచ్చుకుంది. ధనుర్వాతం వచ్చి పదిరోజుల్లో పోయారు.

ఇప్పుడు మేమూ గుడ్డసంచులే ఇస్తున్నాం. ఆ రోజు ఆయన నన్నొక్క మాట తిట్టి ఉంటే, ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.