నీలవేణికి అన్నయ్య లేడు

నా చిన్నప్పుడు నేనొక టీవీ సీరియల్‌తో పోట్లాడాను. సీరియల్‌తో ఎవరైనా పోట్లాడతారా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆ సీరియల్ వచ్చి నేరుగా నా కాలేజీ చదువుకి అడ్డంగా కూర్చుంది. అలాంటప్పుడు నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ కాదు.

మాది కొత్తపేటకి ఆరు కిలోమీటర్ల దూరంలో, కాలువ గట్టు వెంట ఉన్న ఊరు. ఇంటర్ చదవాలంటే కొత్తపేట వెళ్ళాలి. మా ఊరికి బస్సు తెల్లవారుతూనే ఒకటి, మధ్యాహ్నం ఒకటి వచ్చేది. కాలేజీ గంటకీ ఆ రెండు బస్సులకీ ఏనాడూ పొత్తు కుదరలేదు. మగపిల్లలు సైకిళ్ళెక్కి గట్టు మీద పోయేవారు. ఆడపిల్లలు పదితో ఆగిపోయేవారు. మా నాన్న వరిచేను, కొబ్బరితోట తప్ప మిగతా సంగతులన్నీ తన తల్లికి, అంటే మా మామ్మకి వదిలేసిన మనిషి. కాబట్టి ఇంట్లో ఆఖరి మాట మామ్మదే. ఆ వేసవి మొదట్లో మామ్మ, సైకిలు మీద వెళ్ళి చదువుకో అంది. ఆవిడ చేత ఆ మాట అనిపించింది నేను కాదు, నీలవేణి.

నీలవేణి పుస్తకాల్లో పిల్ల. నా ఈడు వాళ్ళ కోసం వరసగా వచ్చిన చిన్న నవలలవి, ఓ డజను ఉంటాయి. వాటిని నాకు అలవాటు చేసింది పక్కింటి అక్క. వాళ్ళాయన మస్కట్‌లో ఉండేవారు. అక్క ఇంట్లో మిషను పెట్టుకుని ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టేది. లైనింగు గుడ్డ కోసం అమలాపురం వెళ్ళినప్పుడల్లా అద్దె పుస్తకాల కొట్లో ఒక నీలవేణిని తీసుకుని, ముందు తను చదివి, తర్వాత నాకిచ్చేది. నీలవేణి నల్లగా ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుంటుంది, లెక్కల్లో సగం మార్కులు తెచ్చుకుంటుంది. ఊళ్ళో ఎవరికి ఏ అన్యాయం జరిగినా తలదూర్చి ఆరా తీస్తుంది. ఆ పిల్లకి అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ లేరు. ఉన్నదల్లా పొద్దస్తమానం మిల్లులో పనిచేసే తండ్రీ, ఏ ప్రశ్నకీ విసుక్కోని తల్లీ.

సెలవు రోజుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పెరటి పంచలో మామ్మ, మరో నలుగురు ఆడవాళ్ళు కొబ్బరాకులు ముందేసుకుని కత్తులతో ఈనెలు చీరేవారు. ఎవరింటి చీపుళ్ళు వాళ్ళవే అయినా పని మాత్రం కలిసి చేసుకునేవారు. వాళ్ళలో ఎవరికీ చదువు రాదు. అందుకని వాళ్ళ చేతులు ఆడుతున్నంతసేపూ నేను పుస్తకం చదివి వినిపించాలి. నేను చదివితే సినిమా చూసినట్టుంటుందని నాకు పేరు కూడా వచ్చింది. ఆ పేరు నెత్తికెక్కింది. ఎంత ఎక్కిందో తర్వాత చెప్తాను.

ఆ వేసవిలోనే నీలవేణి టీవీలోకి వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున్న. అక్క వాళ్ళాయన మస్కట్ నుంచి తెచ్చిన రంగుల టీవీ ముందు మేమంతా చేరాం. మొదటివారమే నాకు ఒళ్ళు మండింది. నల్లపిల్ల తెల్లపిల్లైంది. కళ్ళజోడు పోయి ముంగురులొచ్చాయి. లెక్కల్లో క్లాసు ఫస్టు. పైగా లేని అన్నయ్యొకడు మోటారు సైకిలు మీద దిగాడు. ఏ తల్లి కన్నదో తెలియదు, టీవీ వాళ్ళే కని పెంచి తెచ్చినట్టున్నారు. చెల్లెలు ఆరా తీయడానికి బయల్దేరితే వాడు వెనకాల వచ్చేవాడు, చివరికి దొంగని వాడే పట్టేవాడు. నేను ప్రతి సన్నివేశానికీ ఇది పుస్తకంలో లేదని అరిచేదాన్ని. ఆడవాళ్ళు నన్ను కసిరేవారు.

అంతవరకూ అది నా కడుపుమంట మాత్రమే. నాలుగో వారం రేవు కథ వచ్చింది.

పుస్తకంలో ఆ కథ ఇలా ఉంటుంది. ఒక ముసలాయన పొలం కాగితాలు ఎవరో ఎత్తుకుపోతే, వాణ్ణి వెతుకుతూ నీలవేణి ఒక్కతే పంటు ఎక్కి, అంటే మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పెద్ద పడవెక్కి, అవతలి రేవుకి వెళ్తుంది. అక్కడ ఒక మనిషి, ఎవరమ్మాయివి, జీపులో దింపుతాను రా అంటాడు. నీలవేణి వాణ్ణి తప్పించుకుని, కాగితాలు సంపాదించుకుని, సాయంత్రం పంటుకి ఇల్లు చేరుతుంది. టీవీలో మాత్రం ఆ మనిషి నీలవేణిని జీపులోకి లాగేశాడు. అన్నయ్య వచ్చి విడిపించాడు. నీలవేణి వాడి గుండెల మీద పడి ఏడ్చి, ఇంకెప్పుడూ ఒంటరిగా గడప దాటనని ఒట్టు పెట్టింది. తల్లి దేవుడి పటానికి దణ్ణం పెట్టింది. సంగీతం.

ఆ సంగీతం అయిపోయేసరికి మామ్మ మొహం మారిపోయింది. మా ఇంట్లోనే ఉండే బాబాయి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"చూసేవా అమ్మా, ఒంటరిగా పంపితే ఏవవుద్దో" అన్నాడు మామ్మతో. తర్వాత నా వైపు తిరిగి, "ఏమ్మా పండితురాలా, నీకు గట్టు మీద ఏ అన్నయ్యొస్తాడు?" అన్నాడు.

మామ్మ లేచి చీర కొంగు దులుపుకుంటూ, సైకిలు సంగతి తర్వాత చూద్దాంలే అంది. మా ఇంట్లో తర్వాత చూద్దామంటే ఇక చూడమనే. ఆ సంగతి నాకే కాదు, మా గేదెలకి కూడా తెలుసు.

నేను పుస్తకం పట్టుకుని మూడు రోజులు ఇంట్లో అందరి వెంటా తిరిగాను. ఇదిగో అచ్చులో ఉంది, ఈ పిల్లని ఎవడూ ఎత్తుకుపోలేదు, అన్నయ్యే లేడు అని. బాబాయి, పుస్తకంలో ఎవడో ఏదో రాసేడు, ఇక్కడ కళ్ళతో చూసేం కదా అన్నాడు. అచ్చేసింది అబద్ధమూ, నటించింది నిజమూ ఎలా అయ్యాయో ఆయనకే తెలియాలి. కానీ నన్ను దెబ్బతీసింది మామ్మ మాట.

"నువ్వు చదువుతుంటే ముచ్చటేసిందే. ఆ ముచ్చటలోనే సరే అన్నాను" అంది. "కానీ నీ పిల్లకి ఒక్కసారన్నా గుండె అదరదేంటే? అలాంటి పిల్ల ఎక్కడన్నా ఉంటాదా? టీవీలో పిల్ల చూడు, వణికింది, ఏడ్చింది. అదీ మనిషంటే."

జవాబు లేనప్పుడు నేను ఉత్తరాలు రాస్తాను. టీవీ వాళ్ళకి నాలుగు పేజీలు రాసి, అక్క మిషను దగ్గరికి తీసుకెళ్ళాను. అక్క కాలు ఆపకుండానే ఉత్తరం మొత్తం చదివింది.

"నాలుగు పేజీలూ వాళ్ళ తప్పులే. నీదొక్కటీ లేదేంటి?" అంది.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను. అక్క మిషను మా పెరటి గోడ పక్కనే ఉండేది. ఆ గోడ అవతల కూర్చుని, నేను చదివిన ప్రతి ముక్కా ఇన్నాళ్ళూ వింటూనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం అక్క హుక్సులు కుట్టాల్సిన జాకెట్లు పట్టుకుని మా పంచలోకి వచ్చింది. కాసేపు కుట్టి, వాటిని పక్కన పెట్టింది. "మూడు రోజులుగా అరిచి అమ్మాయి గొంతు బొంగురుపోయింది కదండీ మామ్మగారూ, ఇవాళ నేను చదువుతాను" అంటూ నా చేతిలో పుస్తకం తీసుకుంది. సరిగ్గా రేవు కథ తెరిచింది.

నీలవేణి పంటు దిగింది, చదువుతోంది అక్క. ఇసకలో కాలు పెట్టగానే మోకాళ్ళు వణికాయి. వెనక్కి వెళ్ళిపోదామని తిరిగి చూసింది. పంటు అప్పటికే కదిలిపోయింది. నోరు ఎండిపోయింది. అమ్మ గుర్తొచ్చింది. జీపు మనిషి పిలిచినప్పుడు ఆమెకి మాట పెగల్లేదు.

ఈనెలు చీరుతున్న చేతులు ఒక్కొక్కటే ఆగాయి.

"అదేంటమ్మా, అక్కడ నీలవేణి 'దమ్ముంటే రా' అంటాది కదా?" అంది ఒకావిడ. ఆ మాట దగ్గర ప్రతిసారీ అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడే.

"ఆ మాట పుస్తకంలో లేదండి" అంది అక్క.

అందరూ నా వైపు తిరిగారు. ఆ మాట నాది. ఒక్క ఆ మాటే కాదు. నీలవేణి వణికిన చోటల్లా, ఏడ్చిన చోటల్లా పేజీ దాటేసి, నాకు తోచిన డైలాగులు అంటించి, నెలల తరబడి వాళ్ళకి వినిపించాను. మా నీలవేణి భయపడకూడదని నా పంతం. పెరట్లో మొహం కడుక్కుంటున్న బాబాయి పడీపడీ నవ్వాడు.

"టీవీ వాళ్ళు మార్చేసేరని ఊరేగింది. ముందు మార్చింది ఇదేనన్నమాట" అన్నాడు.

అక్క నన్ను పట్టిచ్చేసిందనుకున్నాను. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. ఇంట్లోకి పరిగెత్తి తలుపేసుకోవాల్సింది. కానీ బాబాయి నవ్వు చూశాక కాలు కదల్లేదు.

"ఆయ్, మార్చేను" అన్నాను లేచి నిలబడి. "ఆ పిల్లకి లేని నోరు పెట్టేను. వాళ్ళు ఉన్న బుర్ర తీసేసేరు. రెండూ ఒకటేనా?"

"రెండూ ఒకటే. కూర్చో" అంది మామ్మ. "అమ్మాయ్, నువ్వు చదువు."

అక్క చదివింది. నీలవేణి వణుకుతూనే రేవంతా కలియజూసింది. టీ దుకాణంలో ఒక ఆడమనిషి గ్లాసులు కడుగుతోంది. నేరుగా వెళ్ళి ఆవిడ పక్కన బల్ల మీద కూర్చుంది. పిన్నిగారూ, తర్వాతి పంటు ఎన్నింటికండీ అని అడిగింది. పేరడిగింది, పిల్లలెందరని అడిగింది. జీపు మనిషి కాసేపు చూసి, జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆ బల్ల మీద కూర్చుని ఉండగానే ఆ దుకాణం ఆవిడ చెప్పిన మాటల్లో కాగితాల జాడ దొరికింది. నేను చదివినప్పుడు ఈ పేజీలన్నీ ఎగిరిపోయాయి. భయం లేకపోతే ఆ బల్లతో పనే లేదు కదా. టీవీలోనూ ఆ బల్ల లేదు. వాళ్ళకి అన్నయ్య ఉన్నాడు మరి.

మామ్మ కత్తి కింద పెట్టింది. "ఆ బల్ల మీద కూర్చున్న ముక్క మళ్ళీ చదువమ్మా" అంది. అక్క మళ్ళీ చదివింది. మామ్మ, పెళ్ళైన కొత్తలో తను జొన్నాడ రేవు దాటి పుట్టింటికి ఒక్కతే వెళ్ళేటప్పుడు చేసింది ఇదేనని చెప్పింది. ముందు ఆడమనిషి ఎక్కడుందో చూసుకునేదాన్ని, ఆవిడ పక్కకి చేరి ఊరూ పేరూ అడిగేదాన్ని, గోదారి దాటేసరికి చుట్టరికం కలిపేసేదాన్ని అంది. మామ్మ ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళిందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాబాయికి అసలే తెలియదు.

తర్వాత నన్ను అడిగింది. "గట్టు మీద నీకెక్కడ భయవేస్తాదే?"

నాకేం భయమని నోరు తెరిచాను. అక్క తలెత్తి చూసింది. తెరిచిన నోటితోనే నిజం చెప్పాను. మలుపులో కల్లుపాక ఉంది, సాయంత్రం అక్కడ మగవాళ్ళు గట్టు మీదే కూర్చుంటారు. వానొస్తే తూము దగ్గర సైకిలు జారుతుంది. శ్మశానం పక్కన టైరు పంచరైతే ఏం చెయ్యాలో తెలియదు. చెప్తుంటే గొంతు వణికింది. అంతమంది ముందు అలా వణకడం అదే మొదటిసారి.

"కల్లుపాకకి ఎదురిల్లు ఎవరిది?" అంది మామ్మ.

నాకు తెలియదు. నీలవేణి గురించి డజను పుస్తకాలు తెలుసు, మా గట్టు మీద ఎదురిల్లు ఎవరిదో తెలియదు.

రెండు రోజుల తర్వాత, పొద్దున్నే మామ్మ నన్ను వెంటబెట్టుకుని కొత్తపేట దాకా ఆ గట్టు మీద నడిచింది. ఆడమనిషి కనపడిన ప్రతి గుమ్మం ముందూ ఆగింది. ఇది మా మనవరాలండీ, కాలేజీకి ఇటే వస్తాది, కాస్త కనిపెట్టి ఉండండి అని ఒక్కొక్కరికీ అప్పజెప్పింది. కల్లుపాక ఎదురింటావిడ మాకు మజ్జిగిచ్చింది. తూము దగ్గర బట్టలుతికే ఆవిడ తన కొడుకు పంచర్లు వేస్తాడని చెప్పింది. తిరుగు ప్రయాణంలో బస్సు కోసం చెట్టు నీడన కూర్చున్నప్పుడు మామ్మ కాళ్ళు వాచి ఉన్నాయి. నేను ఒత్తబోతే వద్దంది.

ఇంటికొచ్చాక బాబాయి ఇంకోసారి టీవీ కథ ఎత్తాడు. మామ్మ విసుక్కోలేదు.

"టీవీలో పిల్లకి దారిలో ఒక్క మనిషీ తెలీదురా. అందుకే అన్న కావాల్సొచ్చేడు" అంది.

ఆ జూన్‌లో నేను సైకిలెక్కాను. రెండేళ్ళు తొక్కాను. తర్వాత అమలాపురంలో డిగ్రీ కూడా చదివాను. భయపడిన రోజులున్నాయి. గుమ్మాల్లో ఆగిన రోజులున్నాయి. ఒకసారి కల్లుపాక ఎదురింట్లో గంటసేపు కూర్చుని, ఆవిడతో కలిసి బియ్యంలో రాళ్ళేరాను.

పుస్తకాల్ని టీవీకో సినిమాకో ఎక్కించినప్పుడు మార్చక తప్పదని ఈ రోజుల్లో చదువుకున్నవాళ్ళు నాకు పాఠం చెప్తుంటారు. నాకు తెలుసు, నేనూ మార్చినదాన్నే. మార్చండి, ఎవరొద్దన్నారు. కానీ ఆడపిల్ల తన బుర్రతో దాటిన రేవుని అన్నయ్య చేత దాటించి, అదే కథ అని మా మామ్మల ముందు పెడితే మాత్రం ఊరుకోను. ఆ సీరియల్ దాకా ఎందుకు, ఎవరి కథనైనా ఎవరైనా అలా వంచి చెప్తుంటే, పెళ్ళి భోజనాల పంక్తిలోనైనా సరే, విస్తరి ముందు నుంచి లేచి అడుగుతాను. నోటి దురుసు మనిషినని మా చుట్టాల్లో నాకు పేరు. ఉంటే ఉండనీ.

అయితే అడిగే ముందు ఒక పని చేస్తాను. అది ఆ మధ్యాహ్నం మా పెరటి పంచలో పట్టుకున్న అలవాటు. నేను దాటేసిన పేజీ ఏదైనా ఉంటే ముందు అది విప్పి చదువుతాను. నావైపు తప్పుంటే తప్పు, వణుకుంటే వణుకు. ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు నిలబడాల్సి వచ్చినా, ఆసుపత్రిలో ఒక్కదాన్నే సంతకం పెట్టాల్సి వచ్చినా, నాకు భయంగా ఉందండీ అని ముందు పైకి చెప్తాను. ఎవరి పక్కన కూర్చోవాలో చూసుకుంటాను. ఆ తర్వాత ఎవరు ఆపినా ఆగను.