తెల్లదారం పొట్లం

మొన్న చిక్కబళ్ళాపురంలో, మా ఇంటికి దగ్గరలోని పెద్ద అంగడిలో, తినే సోడా పెట్టిన అర ముందు చాలాసేపు నిలబడిపోయాను. బోండాలకు సోడా కావాలని నా భార్య సరోజ పంపింది. అరలో రెండు రకాలున్నాయి. ఒకటి పేరున్న కంపెనీది, రంగుల అట్టపెట్టెలో ఉంది. ఇంకొకటి ఆ అంగడివాళ్ళే నింపి, తమ పేరే అచ్చువేసుకొన్న పొట్లం, ధర తక్కువ. సరుకు సర్దుతున్న అమ్మాయి నా తటపటాయింపు చూసి, "రెండూ ఒకటేప్పా. ఇది మా అంగడిదే, చవక. భయమేం లేదు, తీసుకోండి" అంది. ఆ పిల్ల మాటవరసకు అన్నది. నేను మాత్రం పొట్లాన్ని చేతిలోకి తీసుకొని, పొడి మెత్తగా ఉందా, గరగరలాడుతోందా అని బొటనవేలితో నొక్కి చూశాను. తెల్లటి పొడి ఏది కనబడినా యాభై ఏళ్ళుగా నా వేలు ముందు చేసే పని అదే.

మాది బాగేపల్లి. బజారువీధిలో ముందు అంగడి, వెనక ఇల్లు. పొద్దున తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీస్తూ ఉంటే లోపలి నుంచి చింతపండు పులుపు, బెల్లం తీపి, ఎండుమిరప ఘాటు, మూలనున్న కిరసనాయిలు వాసన, వీటన్నిటినీ కప్పుతూ గోనెసంచుల వాసన ఒక్కసారిగా మొహాన కొట్టేవి. వీధికి ఎదురుగా అద్దాల బీరువాలో కంపెనీ సరుకు ఉండేది. సబ్బులు, టీపొడి, సోడా డబ్బాలు, అన్నీ పరేడుకు నిలబడ్డ పోలీసుల్లా వరసగా ఉండేవి. వాటిని బడి మేష్ట్రులు, తాలూకాఫీసు గుమాస్తాలు కొనేవారు. బీరువా కింద, నేలమీద, ఒక వెదురుబుట్ట. అందులో మా అమ్మ కట్టిన పొట్లాలు. పల్లెలనుంచి వచ్చేవాళ్ళు బీరువా వైపు కన్నెత్తి చూసేవారు కాదు. "శెట్టెమ్మ పొట్లం ఇయ్యప్పా" అని అడిగేవారు. అదే మా అంగడి సరుకుకు పేరు.

మధ్యాహ్నం పని సర్దుకొన్నాక అమ్మ వసారాలో చాప పరిచి, పాత నోటుపుస్తకాల కాగితాలు ఒళ్ళో పెట్టుకొని, చేటలో జల్లించిన సరుకును పిడికిలితో అందాజుగా పోసి, కాగితాన్ని కొసగా మడిచి దారం చుట్టేది. పల్లె జనానికి చదువు రాదు కాబట్టి దారం రంగే గుర్తు. పసుపుకు పచ్చదారం, కారానికి ఎర్రదారం, తినే సోడాకు తెల్లదారం, గరగరలాడే బట్టల సోడాకు నల్లదారం. అమ్మ వేసేది జారుముడి. కొస పట్టి ఒక్కసారి లాగితే పొట్లం పువ్వులా విచ్చుకొనేది. నాయన అంగడిలో దేనికీ పెద్దగా కోప్పడేవాడు కాదు, ఈ ఒక్క విషయంలో తప్ప. "రేయ్, జనం దారాన్ని నమ్మి కొంటారు. దారం తప్పితే మనిషిని చంపినట్టే" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

నాకేమో కంపెనీ డబ్బాల మీదే మోజు. ఖాళీ డబ్బాల మీది బొమ్మలు కత్తిరించి బడికి పట్టుకుపోయి చూపించేవాణ్ణి. మా అంగడిలో నేలమీది బుట్ట ఒకటి ఉందని ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. పొట్లాలు కట్టడమంటే నాకు నామోషీ.

ఆ ఏడు ఉగాది ముందు అమ్మకు చలిజ్వరం వచ్చింది. వేపచెట్లు పూతతో ఉన్నాయి. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఓళిగలకు, అదే బొబ్బట్లకు, బేళ్ళు బాగుచేస్తున్నారు. పండుగ సంతకు పొట్లాలు కావాలి. అమ్మ దుప్పటి కప్పుకొని పడుకొనే, "నువ్వు కట్టు నాయనా, నేను చూస్తాంటాను" అంది. చూస్తూ చూస్తూనే నిద్రపోయింది. ముందు తినే సోడా అయిపోయింది. బట్టల సోడా ఇంకా నాలుగు పొట్లాలు మిగిలి ఉండగా నల్లదారం అయిపోయింది. దర్జీ అంగడికి పోయి తేవాలి. బయట గోలీలాటకు పిల్లలు నా పేరు పెట్టి అరుస్తున్నారు. నాలుగింటికీ తెల్లదారమే చుట్టాను. జారుముడి వేయడం నాకు చేతకాదు, లాగి లాగి పీటముడి వేశాను. రేపు మార్చవచ్చులే అనుకొన్నాను. రేపటికి ఆ సంగతే మరిచిపోయాను.

సంతరోజు పొద్దున బుట్టను అంగడిలోకి తెచ్చిపెట్టింది నేనే. మొదటి బేరం గంగులమ్మది. మిట్టేమరిలో శెనక్కాయ పండించే మనిషి, పెద్ద నోరు, పెద్ద నవ్వు. ఆమె మొగుడికి ఎప్పుడూ రొమ్ములో మంట. తెల్లవారగానే నిమ్మరసం నీళ్ళలో చెంచాడు సోడా కలిపి ఇస్తుందని మా అందరికీ తెలుసు. ఆరోజు కొత్త డబ్బాలు వచ్చి ఉన్నందున నాయన, "కంపెనీ సోడా ఉండాది, అది ఈనా గంగులమ్మా?" అన్నాడు.

"నీ పెండ్లాం చేతి పొట్లం ఉండంగా డబ్బా యాలప్పా? డబ్బాను నువ్వే ముద్దలో నంచుకొని తిను!" అని నవ్వింది.

నాయన కూడా నవ్వుతూ వంగి, బుట్టలోంచి తెల్లదారం పొట్లం ఒకటి తీశాడు. దాని ముడి లావుగా, ఉబ్బెత్తుగా ఉంది. అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. పొట్లం ఆమె సంచిలోకి పోయింది, సంచి నెత్తిమీదికి పోయింది, ఆమె మెట్లు దిగింది. "ఉండమ్మా" అనే ఒక్క మాట చాలు. నాయన చేతి దెబ్బ కళ్ళముందు కనబడి ఆ మాట రాలేదు. ఆమె కనుమరుగయ్యాక బుట్ట మీద పడి తెల్లదారం పొట్లాలు ఒక్కొక్కటే నొక్కి చూశాను. గరగరలాడేవి మూడే దొరికాయి. వాటిని పెరటి వెనక మోరీలో విప్పి పారబోశాను.

ఆ వారం నేను బతికిన బతుకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. మిట్టేమరి బస్సు వచ్చే వేళకు పెరట్లోకి పోయి దాక్కొనేవాణ్ణి. వీధిలో ఎవరు గట్టిగా పిలిచినా ఏడుపేమో అనుకొనేవాణ్ణి. ఉగాదినాడు మా అవ్వ నెయ్యి పోసి పెట్టిన ఓళిగ నోట్లో మట్టిలా తిరిగింది. పోయి చెప్పేద్దామని రోజుకు పదిసార్లు లేచాను, పదిసార్లు కూర్చున్నాను. ఇప్పుడు చెప్పినా లాభం లేదని మొదటిరోజే నాకు నేను చెప్పుకొన్నాను. నిజానికి మొదటిరోజు చెప్పి ఉంటే నాయన సైకిలెక్కి అయినా పోయి ఉండేవాడు.

మరుసటి సంతరోజు గంగులమ్మ వచ్చింది. సంచి లేదు, నవ్వు లేదు. నలిగిన కాగితం, ముడి విప్పకుండానే తెగిన తెల్లదారం తెచ్చి బల్లమీద పెట్టింది.

"గుటక మింగినాడో లేదో, గొంతు పట్టుకొని పడిపాయె. ఆస్పత్రిలో పండుకొనుండాడు. ఏమిస్తివి శెట్టప్పా నాకు?"

నాయన మొహంలో నెత్తురు లేదు. అమ్మను పిలిచాడు. అమ్మ కాగితానికి అంటిన పొడిని వేలితో నలిపింది. తరువాత దారాన్ని చేతిలోకి తీసుకొంది. ఆ ముడిని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తలుపు చాటున నిలబడిన నావైపు ఒక్కసారి చూసింది. ముడిని పిడికిట్లో మూసేసుకొంది.

"జ్వరంలో కడితిని గంగులమ్మా. నా చెయ్యే తప్పింది" అంది.

"నీ చెయ్యి తప్పుతాదని నేనెట్ల నమ్మేదమ్మా?" అని గంగులమ్మ మెట్లమీద కూలబడి ఏడ్చింది.

తలుపుకూ బల్లకూ నడుమ నాలుగడుగులు. నేను ఆ నాలుగడుగులు వేయలేదు.

గంగులమ్మ మొగుడు బతికాడు. గొంతులో దారి మాత్రం సన్నబడిపోయి, ఆ తరువాత రాగిముద్ద మింగలేకపోయాడట. ముద్ద తిని పెరిగిన మనిషి, చివరిదాకా అంబలి తాగే బతికాడు. అమ్మ మళ్ళీ పొట్లం కట్టలేదు. దారపు ఉండలు దర్జీకి ఇచ్చేసింది. వెదురుబుట్ట ఉన్న చోటికి కూడా కంపెనీ డబ్బాలు వచ్చాయి. నేను కోరుకొన్న అంగడి అదే. "శెట్టెమ్మ పొట్లం" అన్న మాట ఊరు మరిచిపోయింది. అమ్మ పోయేదాకా ఆ ముడి గురించి ఒక్కసారైనా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అంతకన్నా పాడుపని ఇంకొకటి చేశాను. పెళ్ళయినప్పటినుంచి సరోజ అంగడి సొంత పొట్లం ఏది తెచ్చినా, "వద్దు, చేతితో నింపినవి నమ్మరాదు, మా అమ్మంత మనిషికే చెయ్యి తప్పింది" అంటూ వచ్చాను. అమ్మ నాకోసం మోసిన తప్పును నేను మళ్ళీ మళ్ళీ ఆమె నెత్తినే పెట్టాను.

మొన్న నేను కొన్నది అంగడి పొట్లమే. ఇల్లు చేరేదాకా దాన్ని బొటనవేలితో నొక్కుతూనే ఉన్నాను. సరోజ దాన్ని చూసి, "ఇదేంది, ఈపొద్దు అంగడిది తెస్తివే? నమ్మరాదంటివి కదా?" అని నవ్వింది.

"మా అమ్మ చెయ్యి తప్పలేదు సరోజా. ఆ పొట్లం కట్టింది నేను" అన్నాను.

పొయ్యిమీద నూనె కాగుతోంది. సరోజ పొట్లాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. దానికి దారం లేదు, లాగడానికి కొస లేదు. కత్తెర కోసం లోపలికి వెళ్ళింది.