ఐదు తీగల గిటారు

మా బొగ్గుబాయి కాలనీ పాటల పార్టీలో నాలుగేళ్ళు నేను రిదం గిటారు కొట్టాను. కొట్టాననే అంటాను, నా పని అదే మరి. పాట ఎటు పోయినా వెనక నుంచి జుం చకచక, జుం చకచక అని తీగలన్నీ కలిపి కార్డులు బాదుతూ ఉండాలి. పాట వరుస వాయించేది, జనం చేత ఆహా అనిపించుకునేది లీడు గిటారు. అది అన్న వాయించేవాడు. సొంత అన్న కాదు. బాయిలో, అంటే బొగ్గు గనిలో, పని చేసే మనిషి, నాకు గిటారు పట్టుకోవడం నేర్పినవాడు. పాడే మనిషి లేడు, మాకున్న మైకు ఒక్కటే. దాని ముందు ఆయన, రెండడుగుల వెనక కుర్చీలో నేను.

మా పార్టీలో ఒక రివాజు ఉండేది. గిటారు తీగలు హైదరాబాదు నుంచి రావాలి. లీడులో ఊరికే తెగేది సన్నటి మొదటి తీగ. అది తెగిందా, నా గిటారుది విప్పి అన్నకు బిగించేవాళ్ళం. రిదముకు ఐదు తీగలతోనూ నడుస్తుంది, లీడుకు నడవదు. దాంతో ఏడాదిలో సగం రోజులు నా గిటారు బోడిగానే ఉండేది. నాకు కడుపు మండేది. అన్న వేళ్ళు చూసి చూసి ప్రతి పాట వరుసా నాకు వచ్చు, ఇంట్లో వాయించుకుందామంటే తీగ ఉండదు! ఒక్కసారి, ఒకే ఒక్కసారి మైకు ముందు లీడు వాయిస్తే చాలని ఉండేది.

బాయిలో మా వాళ్ళ పని చూసే ఓవర్‌మన్ సాబు కొడుకు పెండ్లి దావత్ నాడు నాలుగింటికి మా పాటలు. మూడున్నరకు తబలా ఆయన ఉరికొచ్చాడు. పొద్దుటి షిఫ్టుకు దిగిన అన్న ఇంకా పైకి రాలేదట, బదులు దిగాల్సిన మనిషి రాలేదట. అందరం పరేషాన్. ఆ వారమే కొత్త తీగల పొట్లం వచ్చింది కాబట్టి నా గిటారుకు ఆరూ ఉన్నాయి.

“లీడు నేను వాయిస్త” అన్నాను.

హార్మోనియం పెద్దాయన ఎగాదిగా చూసి, మరి రిదం ఎవరు కొడతారని అడిగాడు. రిదం లేకుండానే కానిద్దామన్నాను. నాకు అంత ధైర్యం ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.

మైకు దగ్గరికి ఆ రెండడుగులు వేశాను. మొదటి వరుస మీటాను. స్తంభానికి కట్టిన లౌడుస్పీకరులోంచి నా గిటారు ఖంగున పలికింది. అబ్బ! నాలుగేళ్ళలో నా చప్పుడు నేను అందులో వినడం అదే మొదలు. దావత్‌కు వచ్చినవాళ్ళు ముద్దలు ఆపి మా వైపు తిరిగారు. ఒళ్ళంతా సంతోషమే నాకు. ఆ ఊపులో రెండో పాట ఎత్తుకున్నాను. చెయ్యి పాత అలవాటుకు పోయింది. మీటాల్సిన తీగను బాదేశాను. టప్పున తెగింది.

పెద్దాయన హార్మోనియం ఆపలేదు. నేను మాత్రం తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. అప్పుడే పందిట్లోకి అన్న వచ్చాడు. మొహం నిండా బొగ్గు, చేతిలో తన గిటారు. బాయి నుంచి ఇంటికి పోయి, కడుక్కోకుండా గిటారు పట్టుకొచ్చాడన్నమాట. ఇక నా ముచ్చట తీరిందనుకుని, ఎవరూ చెప్పకుండానే రెండడుగులు వెనక్కి వేశాను. ఏడుపొచ్చినంత పనైంది.

అన్న మైకు దగ్గరికి పోలేదు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. తన గిటారు మొదటి తీగ విప్పి నా ముందు పెట్టాడు.

“బాయి గేటు కాడినుంచి ఇనుకుంటనే వచ్చిన తమ్మి. జర మెల్లగ మీటు. బొగ్గు తట్ట ఎత్తుతున్నవా ఏంది?”

తీగ ఎక్కించబోయి రెండుసార్లు జార్చాను. ఆయనే నా గిటారు తీసుకుని బిగించి, శ్రుతి చేసి ఇచ్చాడు.

“మరి నీకన్నా?”

“రిదముకు ఐదు సాలు. నువ్వు ముందటికి పో.”

పోయాను. వెనక నుంచి జుం చకచక మొదలైంది.