మేక మామగారు

కొత్త కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టాక మామగారి గురించి మొట్టమొదట తెలుసుకున్న సంగతి ఆయన ఆకుకూరల పిచ్చి. లోకంలో కొందరికి పేకాట పిచ్చి, కొందరికి పదవుల పిచ్చి. ఈయనకు పాలకూర, తోటకూర. తెల్లవారేసరికి గోనెసంచి భుజాన వేసుకుని వీధి మలుపుకి పోయేవాడు. కూరల ముసలమ్మ గంప దించీ దించకముందే కట్టలన్నీ సంచిలో కుక్కేసుకునేవాడు. బేరం లేదు, వాడిపోయాయన్న వంక లేదు. వెనకాల వచ్చిన ఆడవాళ్లు ముందు ఖాళీ గంపని, తర్వాత ఆయన్ని తిట్టి ఇళ్లకు పోయేవారు.

వీధివాళ్లు ఆయనకు మేక మామగారని పేరు పెట్టారు. ఎదురింటి టైలరైతే ఆయన పోతుంటే కుట్టు ఆపి మరీ మేకలా అరిచేవాడు. ఆయన ఆగి, గొంతు బాగానే కుదిరింది, చివర ఇంకాస్త సాగదీయమని చెప్పి ముందుకు నడిచేవాడు.

అసలు చిత్రమేమిటంటే, ఆ సంచిలోంచి ఒక్క ఆకు కూడా ఇంటికి వచ్చేది కాదు. ఖాళీ సంచితో తిరిగొచ్చి, మోచేతుల దాకా సబ్బుతో తోముకుని, వంటింట్లో ఏ కూరుంటే ఆ కూరతో తినేవాడు. కట్టలన్నీ ఎటు పోతున్నాయంటే నవ్వి ఊరుకునేవాడు. చాటుగా మేకల మందని పెంచుతున్నాడని కొందరన్నారు, రెండో సంసారం పెట్టాడని మరికొందరన్నారు. అత్తగారు ఆ రెండో మాట విని ఏమాత్రం కంగారుపడలేదు. "ఆవిడెవరో గాని ఆకులు తినే బతకాలి పాపం" అని జాలిపడింది.

కోడలు నవ్వగలిగినన్నాళ్లు నవ్వింది. నెల తప్పాక ఆ నవ్వు పోయింది. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, బిడ్డకి మంచిది కాదు, ఆకుకూరలు బాగా తినమని డాక్టరమ్మ చెప్పింది. ఆ సంగతి మామగారి చెవిన వేస్తే, ఆయన తలూపి, మర్నాడు బస్సెక్కి ఎక్కడో అవతలి బజారునుంచి ఒక కట్ట తెచ్చాడు. మంచుకి తడిసిన లేత ఆకులన్నీ ఎవరికో, ఇంటి కోడలికి మాత్రం బస్సులో నలిగిన చెత్తా? ఆమెకి ఒళ్లు మండింది. మొగుడితో చెప్పుకుంటే, మా నాన్న అంతే అని తప్పుకున్నాడు.

ఒకనాడు మామగారికి జ్వరం తగిలింది. సందు దొరికింది కదా అని కోడలు తనే మలుపుకి వెళ్లింది. గంప నిండుగా ఉంది. ముసలమ్మ ఆమెని చూసి పొంగిపోయి కుశలమడిగింది. మీ మామగారి పుణ్యమా అని గంపకి గంపా అమ్ముడుపోతోంది, ఈసారి ఇంకో మడి వేస్తున్నానంది. కోడలు పెద్ద కట్ట ఏరుకుని వచ్చి పొయ్యి మీద పడేసింది. అత్తగారు ఇంట్లో లేదు. కూర ఉడుకుతున్న వాసన తగిలి మామగారు దుప్పటితో సహా లేచి వచ్చి, మూకుడెత్తి పెరట్లో చెత్తడబ్బాలో గుమ్మరించాడు.

కోడలు అప్పటిదాకా ఆయన ముందు గొంతెత్తి ఎరగదు. ఆ వేళ ఎత్తింది.

"నేను పరాయిదాన్నే అనుకోండి మామయ్యగారూ. లోపలున్నది మీ మనవడో మనవరాలో కదా. వాళ్ల నోటి దగ్గరది కూడా లాగేస్తారా?"

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "అందుకేనమ్మా పారబోసింది" అన్నాడు.

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. ముసలమ్మ కూరల మళ్లున్నది మూతపడ్డ కార్ఖానా గోడ వెనక. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కార్ఖానా అది, ఈయన అందులో ఫోర్‌మన్. మిగిలిన బూడిద ఎక్కడ పొయ్యాలంటే యజమాని గోడ అవతలికి వేలు చూపించాడు, ఈయన పోయించాడు. యజమాని అంతా అమ్ముకుని చల్లగా జారుకున్నాడు. బూడిద జారుకోలేదు, మట్టిలో కలిసిపోయింది. ఆ సీసం ఆకుల్లోకి ఎక్కుతుంది. కడిగినా పూర్తిగా పోదు, ఉడికించినా పోదు. పెద్దవాళ్ల ఒంట్లో పేరుకుంటుంది, పసివాళ్లకైతే ఏకంగా బుర్రనే దెబ్బ కొడుతుంది. ఈయన ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఒక అధికారి మట్టిని పరీక్షకి పంపి, ఫలితం చూసి కళ్లు తేలేసి, బదిలీ చేయించుకుని పోయాడు. ఆయన తర్వాత వచ్చినాయన కమిటీ వేద్దామన్నాడు.

"ముసలమ్మకి చెప్పలేదా?"

"చెప్పాను. నేనూ తింటున్నాగా, నాకేమైంది అంది. ఆవిడ మనవరాలికి నాలుగేళ్లొచ్చినా మాట రాలేదమ్మా. దాని సంగతి నా నోటితో ఎలా అడగను, బూడిద పోయించినవాణ్ణి? అందుకే కొని, ఆ కార్ఖానా గోతిలోనే పూడుస్తున్నాను. మీ అత్తకి చెప్పకు. ఈ ఇల్లు ఆ బూడిద డబ్బు మీదే లేచిందని తెలిస్తే ముద్ద దిగదు."

కోడలికి ఆయన మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. ముసలమ్మ ఇంకో మడి వేస్తోందని చెప్పేసరికి ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఈయన పూడ్చేకొద్దీ ఆవిడ పండిస్తోంది. ఇంత తెలివితక్కువ మంచితనం ఎక్కడా ఉండదని కోడలు అనుకుంది.

మర్నాడు ముసలమ్మ పక్కన మడి గట్టు మీద కూర్చుని, మామగారు చెప్పలేకపోయినదంతా తను చెప్పింది. తనూ తినబోయానని కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. మనవరాలు పక్కనే మట్టిలో ఆడుకుంటుంటే ముసలమ్మ చటుక్కున లేపి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"అయితే ఏం వెయ్యమంటావు తల్లీ?"

"నోట్లోకి పోనిది వెయ్యి" అంది కోడలు.

ఇప్పుడు గోడ వెనక బంతిపూలు పూస్తున్నాయి. మట్టి మారలేదు, కమిటీ కూర్చోలేదు. ముసలమ్మ మనవరాలికి డాక్టరమ్మ వైద్యం మొదలుపెట్టింది గాని మాట వస్తుందని మాత్రం చెప్పలేదు. మామగారు అలవాటు మానలేక సంచి పట్టుకునే వెళ్లి, సగం సంచి పూలు కొని, ఈసారి నేరుగా ఇంటికి తెచ్చాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన చేతి పువ్వు ఎరగని అత్తగారు సంచిలోకి తొంగిచూసి, కోడల్ని పక్కకి లాక్కెళ్లి గుసగుసగా అడిగింది:

"నిజం చెప్పవే. ఆ రెండో ఆవిడ ఈయన్ని వెళ్లగొట్టేసిందా?"