అల్లుడుగారి గింజలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి కూతురు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నాకు తెలిసినవాళ్ల పేర్లూ ఫోను నంబర్లూ చెప్పమంది. పిల్ల గుంటూరు దగ్గర కాలేజీలో మార్కెటింగ్ ఎంబీఏ పూర్తిచేసి, మిరపకీ పత్తికీ బలం మందులు అమ్మే ఒక కంపెనీలో మర్నాడు చేరబోతోంది. చేరకముందే వారం రోజులు శిక్షణ ఇచ్చి, చుట్టాలనీ స్నేహితులనీ తెలిసినవాళ్లనీ అందరినీ ఒక పట్టికలో ఎక్కించుకుని రమ్మన్నారట, దాన్ని నెట్‌వర్క్ అంటారట. ఇంటర్నెట్టులో తన ఫొటో కింద రైతు కుటుంబం నుంచి వచ్చాను, రైతు మనసు నాకు తెలుసు అని రాసుకోమన్నారట, దాన్ని పర్సనల్ బ్రాండింగ్ అంటారట. రాసుకున్నది మురిసిపోతూ నాకు చూపించింది కూడా. ఊహ తెలిశాక చేలో కాలు పెట్టని పిల్లకి రైతు మనసు తెలుసట! నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక్క నంబరు కూడా ఇవ్వనని, ఆ పెట్టె మూసి అవతలికి పొమ్మని ఇల్లెగిరిపోయేలా అరిచాను. పిల్ల బిత్తరపోయింది, అది పుట్టినప్పటి నుంచీ నేను దాన్ని గట్టిగా ఒక మాట అన్నవాణ్ని కాను. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా మొహం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. కోపం ఆ పిల్ల మీద కాదని ఆవిడకి తెలుసు. ఇలాంటి పట్టికే ఒకప్పుడు నేనూ రాశాను కనుక.

నా ఈడువాళ్లకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. డిగ్రీ చదివి ఏడాదిపాటు ఖాళీగా తిరిగాక, నాకొక విత్తనాల కంపెనీలో సేల్స్ ఉద్యోగం వచ్చింది. ప్యాంటూ చొక్కా, నాలుగు పెన్నులు కనిపించే జేబు, కంపెనీ వాళ్లిచ్చిన మోటారు సైకిలు, దాని వెనకాల గింజల ప్యాకెట్ల సంచీ. ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా నల్లరేగడి నేలల్లో ఆ బండి దిగబడని డొంక లేదు. వానాకాలంలో చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి ఇరుక్కుపోతే దిగి పుల్లతో గోక్కుంటూ కూర్చున్న గంటలన్నీ కలిపితే నా సర్వీసులో సగం తేలుతుంది. అయినా ఆ తిరుగుడు నాకిష్టంగానే ఉండేది, ఏ ఊరు వెళ్లినా మజ్జిగో, మొక్కజొన్న పొత్తో ఇవ్వకుండా పంపేవాళ్లు కాదు.

చేరిన మొదటి రోజున మా మేనేజరు చిలకలూరిపేటలో ఒక లాడ్జి గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి తలా ఒక తెల్లకాగితం ఇచ్చాడు. అమ్మ పుట్టిల్లు ఏ ఊరు, అక్కని ఏ ఊరిచ్చారు, పెళ్లయితే అత్తగారిది ఏ ఊరు, అక్కడ ఎన్ని ఇళ్లు చుట్టాలు, రాయమన్నాడు. కంపెనీ పేరు ఎవడికీ పట్టదయ్యా, మీ మొహాలు చూసి కొంటారు అన్నాడు. నాకప్పటికి పెళ్లయి మూడు నెలలు. మా అత్తగారి ఊరు పర్చూరు అవతల, ఇంటింటా మిరప వేసే ఊరు. మేనేజరు ఆ పేరు కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు.

మా ప్రాంతంలో ఒకింటి అల్లుడు ఊరందరికీ అల్లుడే. కులం ఏదైనా, బజార్లో నడుస్తుంటే ముసలివాళ్లు కూడా అరుగు మీద నుంచి లేచి అల్లుడుగారూ అని పలకరిస్తారు, అల్లుడు నోరు తెరిచి అడిగితే లేదనడం ఊరంతటికీ తలవంపులు. ఈ మర్యాద మేనేజరుకి తెలుసు, నాకూ తెలుసు. తెలిసే వెళ్లాను. కొత్త హైబ్రిడ్ మిరప అని చెబితే ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు, ప్యాకెట్ మీద ఏం రాసుందో చదవలేదు. రెండు రోజుల్లో సంచీ ఖాళీ అయింది. ఏం గింజలు వేశావని పొరుగూరివాళ్లు అడిగితే అల్లుడుగారి గింజలు అనేవాళ్లట. ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తల్చుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ ఊళ్లో మా ఆవిడ పిన్ని ఉండేది, నాకు చిన్నత్తగారు. భర్త పోయాక రెండెకరాలు కౌలుకు చేసుకుంటూ ఎవరి మీదా ఆధారపడకుండా బతికేది. మహా గట్టి మనిషి, ఆవిడ గొంతు వింటే కూలికొచ్చిన మగవాళ్లు బీడీలు పారేసి లేచేవాళ్లు. ఆవిడా అల్లుడుగారి గింజలే నారు పోసింది.

కార్తీకం వచ్చేసరికి చిలకలూరిపేట చుట్టుపక్కల రెండు ఊళ్ల నుంచి కబురు వచ్చింది. చెట్టు ఏపుగా, గుబురుగా పెరుగుతోంది, పూత మాత్రం నిలవడం లేదు. మేం అమ్మిన ఆ లాట్ గింజలే నాసివని మేనేజరు నాతోనే అన్నాడు, అని, ఆ సంగతి ఎక్కడా ఎత్తొద్దన్నాడు. పైరు నిలబడి ఉండగా వ్యవసాయ అధికారి వచ్చి చూసి రాసుకుంటేనే గింజలది తప్పని తేలుతుంది, అప్పుడే కంపెనీ నష్టం కట్టుకోవాలి. చేను దున్నేశాక ఎంత మొత్తుకున్నా అడిగే దిక్కుండదు. అందుకని నెల రోజులు చేల వైపు వెళ్లకుండా తప్పుకు తిరగమన్నాడు. అమ్మేటప్పుడు నా మొహం కావాలి, చెడినప్పుడు ఆ మొహం కనపడకూడదు! సరేనన్నాను. ఉద్యోగం పోతుందని భయం.

చేల వైపు వెళ్లకపోయినా, మా బావమరిది కూతురి ఓణీల ఫంక్షనుకి అత్తగారి ఊరు వెళ్లక తప్పలేదు. భోజనాల పంక్తిలో నా ఎదుటి వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, ఏం అల్లుడుగారూ, మీ గింజలు పూత నిలపట్లేదేందండీ, అని మొదలెట్టాడు. పంక్తి పంక్తంతా చేతులాపి నా వైపు చూసింది. వడ్డిస్తున్న చిన్నత్తగారు పప్పు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి, ఆయన మాట నోట్లో ఉండగానే అందుకుంది.

“గింజలేం చేశాయయ్యా, నా చేలో తెగులు తగిలింది. నీ చేలోనూ అదే. ఎల్లుండి దున్నించేసి శనగ చల్లుతున్నా. శుభమా అని అల్లుడుగారు భోజనానికొస్తే చేల సంగతులెందుకు?”

దున్నించొద్దు అత్తయ్యా, ఆఫీసరుని పిలవండి. ఇంతే, నాలుగు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. ఆవిడ నా విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసింది, నేను తల దించుకుని కలుపుకున్నాను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారంటారు, నేను వాసాలు పీక్కుపోయినవాణ్ని. మూడో రోజుకి ఆవిడ చేను దున్నేసింది. ఆవిణ్ని చూసి మిగతావాళ్లూ దున్నేశారు. ఆ ఊరి నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదని మేనేజరు నా భుజం తట్టి, చుట్టరికమంటే ఇదీ అని మిగతా కుర్రాళ్లకి నన్ను చూపించాడు. మరుసటి ఏడు నాకు ప్రమోషన్ వచ్చింది, మీటింగులో దండ కూడా వేశారు. చిన్నత్తగారు శనగలోనూ నిలదొక్కుకోలేక కౌలు వదిలేసి, పొగాకు ఆకులు ఏరే గ్రేడింగు పనికి పోయింది. ఎప్పుడు ఎదురుపడినా పక్కకి తప్పుకుని, బాగున్నారా అల్లుడుగారూ అనేది. ఆ పొగాకు ఘాటుకి దగ్గు పట్టుకుని, ఆ దగ్గుతోనే పోయింది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. మా ఆవిడ ముందు నోరు విప్పడం కూడా ఇదే మొదటిసారి. పిల్ల ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసింది. తర్వాత, పాపం ఆ తాతమ్మకి దున్నితే రుజువు పోతుందని తెలీదు కదా తాతయ్యా, అంది.

“ఎందుకు తెలీదే?” అంది మా ఆవిడ. “పురుగుమందుల కొట్టాయన ముందే చెప్పాడు పిన్నికి, దున్నొద్దమ్మా అని. ఆఫీసరొస్తే అల్లుడి ఉద్యోగం ఊడుద్ది, పిల్ల కాపురం మూన్నాళ్లది, నా రెండెకరాలు పోతే పోయినయ్‌లే అంది. నాతోనే అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

ఆ చివరి మాట నాతో అన్నది, ఇన్నేళ్ల కాపురంలో మా ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదలు. చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆవిడ వెనక వెళ్లలేదు.

పిల్ల సోమవారం ఉద్యోగంలో చేరింది. దాని ఫొటో కింద రైతు మనసు మాట తీసేసిందో లేదో నేను చూడలేదు. ఆ మందు పనిచేయకపోతే చేలోకి వెళ్లి నిలబడతావా అని ఒకటే అడిగాను, వెళ్తాను అంది. వెళ్లనిస్తారో లేదో! కాగితం బదులు కంప్యూటరు వచ్చింది, లాడ్జి గది బదులు ఏసీ హాలు వచ్చింది, చుట్టాల పేర్లు రాసుకురమ్మనే మనిషి మాత్రం అక్కడే కూర్చుని ఉన్నాడు. మారిందల్లా ఊళ్లే. ఇప్పుడు గింజ చెడితే రైతు చేలో నిలబడి ఫోనులో వీడియో తీసి అమ్మినవాడి పేరు పెట్టి తిడుతున్నాడు, వాడు ఎవరింటి అల్లుడని చూడటం లేదు. అవి చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది, కాసేపటికి ఏదో దిగులు కమ్ముకుంటుంది. తప్పు చేసినవాడి మొహం నిలబెట్టడానికి తన చేను తాను దున్నుకునే మనుషులు ఈ పిల్లలకి దొరకరు. దొరకకూడదు కూడా. అలాంటి మనిషి ఉసురు ఒకటి నేను పోసుకున్నాను, చాలు.